ఏనుగుపిల్ల బొమ్మ డబ్బా

పసిపిల్లల పాలపొడి డబ్బా మీద పసిపిల్ల బొమ్మ వేయకూడదని చట్టం. అందుకని చిట్టిధార గోల్డ్ కంపెనీవాళ్లు ఏనుగుపిల్ల బొమ్మ వేశారు. దాని మెడకు నీలం గుడ్డ కట్టి, బుగ్గలు బూరెల్లా ఉబ్బించి, నవ్వు మొహం పెట్టి, ఏడాది నిండిన పిల్లాడిలా కూర్చోబెట్టారు. ఏనుగుపిల్ల సంగతి చట్టంలో లేదు కదా! తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమన్న మాట డబ్బా మీద ఉండి తీరాలని కూడా చట్టమే చెప్పింది. ఆ మాటా వేశారు, బంగారు రంగు మీద పసుపు అక్షరాలతో. చదవాలంటే డబ్బాని ఎండలోకి తీసుకెళ్లి పక్కకు వంచి చూడాలి.

ఆ డబ్బాని సంచిలో వేసుకుని, నాలుగు నెలల ముని మనవరాలిని భుజాన వేసుకుని, జులై రెండో వారంలో మంగవ్వ ఆఫీసుకొచ్చింది. మంగవ్వ బల్కంపేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట మనిషి. అరవై ఐదు దాటాయి. అమీర్‌పేట, పంజగుట్ట చూసే ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఎవరని నలుగురిని అడిగి, నాలుగు బల్లల చుట్టూ తిరిగి, చివరికి యశస్విని ముందు నిలబడింది.

"బిడ్డా, గీ పాలపొడిల ఏందో తక్కువుంది. పిల్ల తాగుతది గని పెరుగుతలేదు. జర చూడు" అంది.

యశస్విని పిల్లని చూసింది. పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు ఉందట. నాలుగు నెలలకి అయిదున్నర దాటాల్సింది, నాలుగు కిలోలు కూడా నిండలేదు. చేతులు సన్నగా, మోచేతి దగ్గర చర్మం ముడతలు పడి ఉంది. కళ్లు మాత్రం పెద్దవి. ఏడవడానికి నోరు తెరిచింది కానీ గొంతు రాలేదు. అయినా సరే, ఈ ఉద్యోగంలో చేరిన ఆరేళ్లలో నాలుక మీదికి ఎక్కిన ప్రశ్నే యశస్విని అడిగింది.

"నీళ్లు ఎక్కువ కలుపుతున్నవా అవ్వా?"

మంగవ్వ కోపం తెచ్చుకోలేదు. బొడ్లోంచి ఒక ప్లాస్టిక్ చెంచా తీసి బల్ల మీద పెట్టింది.

"గీ చెంచతోని ఒకటి. మీదికెల్లి చాకుతోని సాపు జేస్త. మరగబెట్టి ఆరిన నీళ్లు సీస మీద గీతదాక. గా గీత నా మనుమరాలు పింకీ గీసిచ్చింది, ఆమెకు సదువొచ్చు. ఎనభై మందికి చేతి అందాజుతోని వండుత బిడ్డా, ఒక్కనాడు సుత ఉప్పు తప్పలె. గీ ఒక్క పిల్లకే చెంచ పట్టుకొని కొలుస్తున్న."

పింకీ ఆ పాప తల్లి. కృష్ణానగర్‌లో ఉండి సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టుగా పనిచేస్తుంది. వందమంది గుంపులో ఒకతె, పొద్దున అయిదింటికి బస్సెక్కితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. కాన్పయిన రెండో రోజే నర్సింగ్ హోంలో నర్సమ్మ వచ్చి, నీకు పాలు చాలట్లేదు అని ఈ డబ్బా చేతిలో పెట్టి వెళ్లిందట. డబ్బా అలవాటయ్యేసరికి తల్లికి ఉన్న పాలు కూడా ఇంకిపోయాయి. డబ్బా ఇచ్చిన నర్సింగ్ హోంకి ఆ తర్వాత తల్లీ గుర్తులేదు, పిల్లా గుర్తులేదు. ఇలాంటి కథలు యశస్విని చాలా విన్నది. విన్న ప్రతిసారీ సాయంత్రానికల్లా మర్చిపోయేది.

ఇక్కడ ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. శాంపిళ్లు రెండు రకాలు. మొదటిది లీగల్. ఒకే బ్యాచ్‌వి నాలుగు సీలు డబ్బాలు తీయాలి, ఫారం నింపాలి, ఇచ్చినవాడి సంతకం, సాక్షి సంతకం తీసుకోవాలి, బ్రౌన్ పేపర్ చుట్టి దారం కట్టి లక్కతో ముద్ర వేయాలి. దాని మీదే కేసు నడుస్తుంది. కేసంటే ఫోన్లు, వాయిదాలు, వకీళ్ల వెటకారాలు. రెండోది సర్వైలెన్స్. ఒక డబ్బా కొని ల్యాబ్‌కి పంపితే చాలు. అందులో ఏముందో తెలుస్తుంది కానీ దాన్ని పట్టుకుని ఎవరినీ ఏమీ చేయలేరు. నెలకు ఇన్ని శాంపిళ్లు తీయాలన్న టార్గెట్లో మాత్రం రెండూ ఒకటే. కాబట్టి తెలివైన ఇన్‌స్పెక్టర్లు ఏం తీస్తారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజు మంగవ్వని పంపించి, యశస్విని అమీర్‌పేటలో బుచ్చిబాబు హోల్‌సేల్ కొట్టుకి వెళ్లింది. చిట్టిధార గోల్డ్‌కి ఈ చుట్టుపక్కలంతా ఆయనే డీలరు. గోడకి పదమూడు పెట్టెలు ఆనించి ఉన్నాయి. మంగవ్వ డబ్బా అడుగున ఉన్న బ్యాచ్ నంబరు, 417, వాటి మీదా ఉంది. నాలుగు డబ్బాలు తీసి లీగల్ చేయడానికి గంటన్నర పడుతుంది. అప్పటికే మధ్యాహ్నం రెండు దాటింది, ఆకలేస్తోంది, నెల టార్గెట్‌కి ఇంకా ఆరు శాంపిళ్లు బాకీ. ఒక్క డబ్బా తీసుకుని, కాగితం మీద తన గుండ్రని చేతిరాతతో సర్వైలెన్స్ అని రాసింది.

తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకుంది. ఎవరూ ఒత్తిడి చేయలేదు, ఎవరూ బెదిరించలేదు. ఆకలేసింది, అంతే.

*

రిపోర్టు యశస్విని కంటబడింది ఆగస్టు రెండున పొద్దున. పై అధికారి మహిపాల్ ఆమె సంతకం కోసం పంపిన ఫైళ్ల కట్టలో, ఐస్‌క్రీం రిపోర్టుకీ మిక్చర్ రిపోర్టుకీ మధ్యన దొరికింది. డబ్బా మీద రాసిన మాంసకృత్తుల్లో సగం కూడా లేవు. ఉండకూడని చక్కెర ఉంది. కొవ్వు లెక్క తప్పు. కింద ఎర్ర అక్షరాల్లో పసిపిల్లలకు సురక్షితం కాదు అని ల్యాబ్ వాళ్లు రాశారు. ఆఫీసుకి వచ్చిన తేదీ చూస్తే తొమ్మిది రోజులు అయింది.

తొమ్మిది రోజులు! మూడు గంటలకొకసారి తాగే పిల్ల తొమ్మిది రోజుల్లో ఎన్నిసార్లు తాగి ఉంటుందో యశస్విని లెక్కేసింది, డెబ్బై రెండు సార్లు. కాగితం పట్టుకుని మహిపాల్ గదిలోకి వెళ్లింది.

"సర్, గీ రిపోర్టు తొమ్మిది రోజుల కింద వచ్చింది."

"వచ్చింది. చూసిన" అన్నాడు మహిపాల్. కొత్త చొక్కా వేసుకున్నాడు, సెంటు వాసన గది నిండా ఉంది.

"చూసి ఊకున్నరా సర్?"

"ఏం జెయ్యమంటవ్? గది సర్వైలెన్సాయె. రాసింది నువ్వే గదా. దాంతోని కేసు నిలబడ్తదా? తొందరపడితే కంపెనీ వకీలు మననే కోర్టుకు గుంజుతడు. అయినా గా ముసలామె నీళ్లు ఎక్కువ పోసుంటది. గీళ్లు డబ్బ పది రోజులు ఎక్కువొస్తదని గట్లనే జేస్తరు."

"ల్యాబ్‌కు పోయింది సీలు తియ్యని డబ్బ సర్. దాంట్ల ముసలవ్వ నీళ్లెట్ల పోస్తది?"

మహిపాల్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే యశస్వినికి చీదర పుట్టింది. తడుముకోవడం లేదు, సిగ్గు లేదు, పట్టుబడ్డానన్న జంకు లేదు. తప్పు చేసినవాడు నీళ్లు నములుతాడని చిన్నప్పుడు అనుకునేది. ఈయన బాదంపప్పు నములుతున్నాడు.

"ఫికర్ జెయ్యకు" అన్నాడు. "ఇయ్యాల పోయి లీగల్ తీస్కో, నేనద్దంటనా? రెండు గంటలకు మాత్రం పంజగుట్టల ప్రోగ్రాముంది. తల్లిపాల వారోత్సవం. నేను చీఫ్ గెస్టు. స్టాఫంతా రావాలె, ఖాళీ కుర్చీలు కనవడితే మంచిగుండదు."

యశస్విని బయటికొచ్చి మంగవ్వ ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసింది. అది పింకీ ఫోను. స్విచాఫ్. షూటింగ్‌లో ఉంటే అంతే. అటెండర్ ఐలయ్యని పిలిచి, సీలింగ్ సామాను సంచి పట్టుకోమంది. బ్రౌన్ పేపరు, దారం, లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర. ఐలయ్య సంచి దుమ్ము దులిపాడు. లీగల్ శాంపిల్ తీసి ఎన్ని నెలలైందో ఆ దుమ్మే చెప్పింది.

*

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి, కరపత్రాలు చేతిలో కుక్కేవాళ్లని తప్పించుకుంటూ బుచ్చిబాబు కొట్టుకి చేరేసరికి పన్నెండయింది. బుచ్చిబాబుది గోదావరి వైపు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే వ్యాపారం. నుదుట గంధం, నోటి నిండా మర్యాద.

"రండి రండి మేడం గారు! ఎండనపడి వచ్చారు. ఏం తీసుకుంటారు, కాఫీ తెప్పించనా, బాదంపాలు తెప్పించనా?"

"చిట్టిధార గోల్డ్ పెట్టెలు చూపించుండ్రి."

"అయ్యో, లేవండి. ఒక్కటి కూడా లేదు."

గోడ పక్కన నేల మీద దుమ్ములో పెట్టెలున్న మేరకు శుభ్రంగా ఉంది. పదమూడు పెట్టెల జాగా.

"ఏమైనయి?"

"ఏదో రిపోర్టు తేడాగా వచ్చిందంట కదండీ. సారు గారు ఆ రోజే ఫోన్ చేసి చెప్పారు, ఎంతైనా పెద్ద మనసు ఆయనది. మనకెందుకులెండి గొడవని వెంటనే తీయించేశాను." ఈ మాట నోరు జారి అనలేదు. మంచి పని చేసి చెప్పుకున్నంత నిబ్బరంగా అన్నాడు.

"కంపెనీకి వాపస్ పంపిండ్రా?"

"వాళ్లు తీసుకోరండి. కానీ నేను పారేసే మనిషిని కాదు మేడం గారు. తిండి పదార్థం కదండీ, పారేస్తే పాపం. మంచి చోటికే పంపాను."

బాదంపాల గ్లాసు వచ్చింది. మీద కుంకుమపువ్వు తేలుతోంది. యశస్విని గ్లాసు ముట్టకుండా లేచి వచ్చేసింది. దారిలో ఐలయ్య ఏదో అన్నాడు కానీ ఆమెకి వినపడలేదు. కేసు సంగతి తర్వాత, ముందు ఆ పిల్లకి ఆ పొడి పట్టకుండా ఆపాలి. జీపు బల్కంపేట వైపు తిప్పించింది.

గుడి ముందు పూల బండ్లు తప్పుకునేసరికి అరగంట, సందులో హాస్టల్ వెతుక్కునేసరికి ఇంకో అరగంట. హాస్టల్ చూసుకునే చిలకమ్మ గేటు దగ్గరే ఎదురైంది.

"మంగవ్వ లేదు మేడం. పొద్దుగాలనే వంట జేసి, పిల్లనెత్తుకొని పంజగుట్టకు పోయింది. గాడ హోటల్ల పసిపిల్లల తల్లులకు పాలడబ్బలు ఉత్తగనే పంచుతున్రంట. మనిషికి రెండు. మస్తు లైనుంటదని జల్ది పోయింది."

"ఏం డబ్బలు?"

"గదే, ఏనుగుపిల్ల బొమ్మది."

*

పంజగుట్ట ఫ్లైఓవర్ దగ్గర జీపు కదల్లేదు. యశస్విని దిగి నడిచింది. వెనక సంచి మోసుకుంటూ ఐలయ్య. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి.

"మేడం, గాడ సారు ఉంటడు. జర ఆలోచించుండ్రి" అన్నాడు వగరుస్తూ.

"ఆలోచించుడు గా శాంపిల్ తీసిన దినమే చేసుంటే అయిపోతుండె ఐలయ్యా" అంది.

హోటల్ మొదటి అంతస్తులో చల్లటి హాలు. గుమ్మం దగ్గర గులాబీలు, పన్నీరు. వేదిక మీద పెద్ద బ్యానరు: తల్లిపాల వారోత్సవాలు, తల్లిపాలు అమృతంతో సమానం, నిర్వహణ రత్నమాల స్మారక ట్రస్టు. రత్నమాల బుచ్చిబాబు తల్లి. పాపం ఆవిడ ఎలాంటి మనిషో, చచ్చిపోయాక కొడుకు ఆమె పేరు ఇలా వాడుకుంటాడని కలలో కూడా అనుకుని ఉండదు. బ్యానరు కింద బల్ల. బల్ల మీద గోపురంలా పేర్చిన చిట్టిధార గోల్డ్ డబ్బాలు. తల్లులకు ఈ డబ్బాలు ఉచితంగా పంచడమే నేరమని చట్టంలో రాసి ఉంది. ఆ చట్టాన్ని కాపాడమని ప్రభుత్వం జీతమిచ్చి కూర్చోబెట్టిన మహిపాల్ మెడలో పూలదండతో నిలబడి, ఒక్కొక్క తల్లి చేతిలో రెండేసి డబ్బాలు పెడుతున్నాడు. పెట్టిన ప్రతిసారీ ఫొటో. ఫొటో సరిగ్గా రాకపోతే తల్లి చేతిలోంచి డబ్బా వెనక్కి తీసుకుని, నవ్వమని చెప్పి, మళ్లీ ఇస్తున్నాడు.

మురుగు కాల్వల పక్కన వండే హోటళ్లు చూసింది యశస్విని, ఎలుకలు తిరిగే గోడౌన్లు చూసింది. ఇంత అసహ్యం ఎక్కడా వేయలేదు. ఇక్కడ అన్నీ శుభ్రంగా ఉన్నాయి, అదీ బాధ.

వరుసలో మంగవ్వ అప్పుడే రెండు డబ్బాలు అందుకుని వేదిక మెట్లు దిగుతోంది. భుజాన పాప. యశస్వినిని చూసి మొహం విప్పారింది.

"నువ్వచ్చినవా బిడ్డా! నీతోని చెప్పినంక మంచి డబ్బలు పంపిండ్రు చూడు, పెద్ద సారే ఇచ్చిండు."

యశస్విని డబ్బా తీసుకుని అడుగు తిప్పి చూసింది. 417. రెండోది తిప్పింది. 417. మంగవ్వ చెయ్యి పట్టుకుని మళ్లీ వేదిక మీదికి తీసుకెళ్లింది.

"పంచుడు బంద్ చెయ్యుండ్రి. ఐలయ్యా, సంచి తియ్యి."

హాలంతా ఒక్కసారి గుసగుసలు. మహిపాల్ దండ సర్దుకుంటూ దగ్గరికొచ్చి పళ్లబిగువున అన్నాడు. "ఏం తమాషా గిది? కిందికి దిగు."

"మీరే అన్నరు గదా సర్, లీగల్ తీస్కోమని. తీస్తున్న."

గోపురంలోంచి ఒకే బ్యాచ్‌వి నాలుగు డబ్బాలు ఎంచి విడిగా పెట్టింది. మిగతా డబ్బాలన్నీ సీజ్ అని కాగితం మీద రాసింది. ఫారంలో, శాంపిల్ ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ల పేరు రాయాలి. మొదటి వరుసలో కూర్చున్న బుచ్చిబాబుని పిలిచింది.

ఆయన చేతులు కట్టుకుని, వినయంగా తల వంచి అన్నాడు. "నాకేం సంబంధం మేడం గారు? ట్రస్టు హాలు మాట్లాడింది, అంతే. నేను ఎవరికీ ఏమీ ఇవ్వలేదండి. ఇచ్చింది సారు గారు. ఫొటోలున్నాయి కదండీ, కావలిస్తే చూసుకోండి."

మహిపాల్ మొహం వాడిపోయింది. తను ఇన్నాళ్లూ కాపాడిన మనిషే నలుగురిలో చెయ్యి వదిలేశాడు. యశస్వినికి జాలి వేయలేదు. పెన్ను తీసి మహిపాల్ పేరు, హోదా రాసింది.

"నా పేరు రాస్తవా? నా మీద రాస్తవా?"

"మీరు ఇయ్యలేదంటే చెప్పుండ్రి సర్, గదే రాస్త."

చెప్పలేదు, సంతకం పెట్టలేదు. సంతకానికి నిరాకరించారు అని రాసింది. సాక్షిగా ఎవరు పెడతారని చూస్తే, అతిథులుగా వచ్చిన చంటిపిల్లల డాక్టర్లు, ట్రస్టు పెద్దలు, అందరికీ ఫోన్లు వచ్చినట్టున్నాయి, చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచారు. మంగవ్వ ముందుకొచ్చింది. పిల్లని ఎడమ చేతికి మార్చుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ నాలుగు కాగితాల మీద పేరు రాసింది.

వరుసలో మిగిలిన ఆడవాళ్లు తిట్టడం మొదలుపెట్టారు. "గంట సేపు నిలబెట్టిండ్రు, ఇచ్చేది ఇయ్యనిస్తలేరు. ఆమె సొమ్మేం పాయె?" డబ్బాలు పట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, అవి మంచివి కావమ్మా, ఇచ్చేయండి అని ఐలయ్య చేతులు పట్టుకుని బతిమాలుతున్నాడు. ఒకామె డబ్బాని కొంగులో దాచుకుని మెట్లు దిగి పారిపోయింది.

యశస్విని లక్క కరిగించింది. నాలుగు డబ్బాలకీ కాగితం చుట్టి, దారం బిగించి, ముడి మీద ముద్ర నొక్కింది. ఆరేళ్లలో ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వేయలేదు. ఈసారి తప్పించుకోలేరు. కేసు నిలబడుతుంది. తల ఎత్తేసరికి మంగవ్వ ఎదురుగా నిలబడి ఉంది. మంగవ్వ చేతిలోని రెండు డబ్బాలూ ఇప్పుడు సీజ్ చేసిన కుప్పలో ఉన్నాయి.

"గీ పొడిల బలం లేదంటవ్, అంతేనా?"

"అంతే అవ్వా. నీ తప్పు ఒక్కటి సుత లేదు. నీళ్ల ముచ్చట నేను నిన్ను గట్ల అడగొద్దుండె."

"గది పోనీ బిడ్డా. ఇంటికాడ డబ్బ ఒడిసింది. గిది దొరుకుతదని పొద్దుగాల ఒక్కసారే తాగిపిచ్చిన. ఇగ ఇప్పుడు పిల్లకు ఏం పొయ్యాలె?"

యశస్విని మెట్ల వైపు చూసింది. కిందికి దిగితే ఎదురుగానే మందుల షాపు, అందులో అయిదారు కంపెనీల డబ్బాలు ఉంటాయి. వాటిలో ఏది మంచిదో చెప్పాలంటే ఎవరో ఒకరు పరీక్ష చేసి ఉండాలి. ఈ ప్రాంతంలో చేయాల్సింది తనే. ఈ ఏడాది తను తీసిన శాంపిళ్లన్నీ మిక్చర్, పనీరు, ఐస్‌క్రీం. తొందరగా అవుతాయని, గొడవ ఉండదని. పాలపొడి అంటే ఈ ఒక్కటే. కంపెనీ పేర్లన్నీ గుర్తొస్తున్నాయి, ఇది కొనుక్కో అవ్వా అని చెప్పగలిగేది ఒక్కటీ లేదు.

"నాకు తెల్వదవ్వా" అంది.

మంగవ్వ ఆమె మొహంలోకి చూసింది. సీలు వేసిన నాలుగు డబ్బాల వైపు చూసింది.

"నీకు తెల్వకపోతే ఇంకెవలికి తెలుస్తది బిడ్డా?"

పాప నిద్రలోనే పెదాలు చప్పరించడం మొదలుపెట్టింది. ఆకలికి లేవబోతోంది.